గాలి చల్లే ఎరువు, నేల వదిలే వాయువు

చైనాలోని చోంగ్‌చింగ్ మహానగరానికి దాదాపు పాతిక కిలోమీటర్ల దూరంలో తియెషాన్‌పింగ్ అనే కొండ ఉంది. దాని మీద పైన్ చెట్ల అడవి. అక్కడ దుక్కి దున్నేవాళ్లు లేరు, నాట్లు వేసేవాళ్లు లేరు, ఎరువు చల్లేవాళ్లు అసలే లేరు. అయినా ఏటా ఆ అడవి నేల మీద హెక్టారుకు 40 నుంచి 65 కిలోల నత్రజని పడుతున్నట్టు పరిశోధకులు లెక్కగట్టారు. మన కొలతల్లో చెప్పాలంటే, ఎకరానికి ఇంచుమించు ఒక యూరియా బస్తా. 45 కిలోల బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైచిలుకు. ఆ బస్తాను కొండెక్కించింది గాలి.

నగరంలోని వాహనాల పొగ, బొగ్గు మంటలు, చుట్టుపక్కల పొలాల్లోని యూరియా, పందుల పెంపకం షెడ్లు, వీటన్నిటి నుంచి గాలిలో కలిసిన నత్రజని వానతో పాటు, దుమ్ముతో పాటు దిగివచ్చి అడవిలో పడుతోంది. పడింది పడినట్టు అక్కడే ఉండిపోతే ఈ కథకు అంత ప్రాధాన్యం ఉండేది కాదు. ఆ కొండవాలులో నార్వే, చైనా శాస్త్రవేత్తలు కలిసి చేసిన కొలతల్లో ఏడాదికి హెక్టారుకు 4 నుంచి 5 కిలోల నత్రజని నైట్రస్ ఆక్సైడ్ రూపంలో నేల నుంచి తిరిగి గాలిలోకి లేస్తోందని తేలింది. నైట్రస్ ఆక్సైడ్ భూమిని వేడెక్కించే శక్తి, వందేళ్ల లెక్కన, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 273 రెట్లు. ఆ లెక్కన చూస్తే ఎవరూ ఎరువు చల్లని ఆ అడవిలో ఒక్కో హెక్టారు ఏడాదికి సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వేడిని గాలికి చేరుస్తోంది.

గాలి కాలుష్యం అనగానే మన దృష్టి ఊపిరితిత్తుల మీదికి పోతుంది. అది సహజమే, ప్రాణం పోయేది అక్కడే. కానీ ఊపిరితిత్తులకు చేరని కాలుష్యం ఎక్కడికి పోతుంది? నేల మీద పడుతుంది. పడ్డాక నేల దాన్ని ఊరికే దాచుకోదు, సూక్ష్మజీవులు దాన్ని తిని, మార్చి, మళ్లీ వాయువుగా వదులుతాయి. ఏ వాయువుగా వదులుతాయన్నది నేల స్థితిని బట్టి ఉంటుంది. ఆ స్థితిని కూడా కాలుష్యమే మార్చేస్తోంది. ఈ రెండో దెబ్బ గురించి మాట్లాడేవాళ్లు చాలా తక్కువ. అసలు చెప్పాల్సింది దాని గురించే.

గాలిలో 78 శాతం నత్రజనే. అయితే అది రెండేసి పరమాణువులు గట్టిగా పెనవేసుకున్న రూపం. మొక్కకు గానీ మనకు గానీ నేరుగా పనికిరాదు, హానీ చేయదు. పిడుగులు, పప్పుజాతి మొక్కల వేళ్ల బుడిపెల్లో ఉండేవాటి వంటి కొన్ని రకాల బ్యాక్టీరియా మాత్రమే ఆ ముడిని విప్పగలిగేవి. 1909లో ఫ్రిట్జ్ హేబర్ ప్రయోగశాలలో అమ్మోనియా తయారుచేసి చూపించాడు. 1913లో జర్మనీలోని ఒప్పావులో కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు. అప్పటి నుంచి ముడి విప్పడం మన చేతిలోకి వచ్చింది. బొగ్గు, పెట్రోలు, డీజిల్ మండినప్పుడు ఆ వేడికి గాలిలోని నత్రజనే ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారుతుంది. ఇది కూడా ముడి విప్పడమే, మనం కోరి చేసింది కాదు, అంతే తేడా.

ముడి విడిన నత్రజని ఒకచోట కుదురుగా ఉండదు. యూరియా నుంచి అమ్మోనియాగా లేచింది మబ్బుల్లో అమ్మోనియంగా మారుతుంది, వానలో దిగుతుంది, నేలలో నైట్రేట్ అవుతుంది, కొంత నీటితో పాటు చెరువులోకి జారుతుంది, కొంత మళ్లీ గాలిలోకి పోతుంది. ఒకే పరమాణువు దారిలో నాలుగైదు చోట్ల నష్టం చేసుకుంటూ పోతుంది. అమెరికన్ శాస్త్రవేత్త జేమ్స్ గాల్లోవే 2003లో దీన్ని మెట్లు మెట్లుగా దూకే జలపాతంతో పోల్చాడు. నేల నుంచి లేచే వాయువులు ఆ జలపాతంలో ఒక మెట్టు. గాలి నుంచి నేలకు, నేల నుంచి గాలికి ఎన్నిసార్లయినా తిరగగలదు కాబట్టి ఇది అన్నిటికన్నా చిక్కైన మెట్టు.

నేలలో జరిగే పనిని రెండు మాటల్లో చెప్పుకోవచ్చు. నేలలో గాలి ఆడుతున్నప్పుడు ఒక రకం సూక్ష్మజీవులు అమ్మోనియంను నైట్రేట్‌గా మారుస్తాయి. దీన్ని నత్రీకరణం అంటారు. నేల తడిసి ముద్దయి, గాలి అందనప్పుడు మరో రకం సూక్ష్మజీవులు ఆక్సిజన్‌కు బదులు నైట్రేట్‌ను వాడుకుని బతుకుతాయి. అప్పుడు నైట్రేట్ మెట్టు మెట్టుగా విడిపోయి, ముందు నైట్రిక్ ఆక్సైడ్, తర్వాత నైట్రస్ ఆక్సైడ్, చివరికి హాని లేని మామూలు నత్రజని వాయువు అవుతుంది. ఇది వినత్రీకరణం. చివరి మెట్టు దాకా పోతే ఎవరికీ నష్టం లేదు, గాలి నుంచి తీసుకున్నది గాలికే చేరినట్టు. మధ్యలో ఆగిపోతేనే చిక్కు.

మేరీ ఫైర్‌స్టోన్, ఎరిక్ డేవిడ్‌సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1989లో దీన్ని చిల్లులు పడ్డ పైపుతో పోల్చారు. ఆ పోలిక ఇప్పటికీ చెక్కుచెదరలేదు. తోటకు నీళ్లు పారించే పాత పైపును ఊహించుకోవాలి. నీరు ఎంత కారిపోతుందన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. పైపులోకి ఎంత నీరు వదిలాం అన్నది ఒకటి, చిల్లులు ఎంత పెద్దవి అన్నది రెండోది. ఇక్కడ పైపులో పారేది నత్రజని, చిల్లుల్లోంచి కారేవి నైట్రిక్ ఆక్సైడ్, నైట్రస్ ఆక్సైడ్. నేల తేమ, వేడి, ఆమ్లగుణం, అందులోని కర్బనం కలిసి చిల్లుల సైజును నిర్ణయిస్తాయి.

గాలి కాలుష్యం ఈ రెండింటినీ ఒకేసారి మారుస్తుంది.

మొదటిది తేలిగ్గానే అర్థమవుతుంది. పైన పడే నత్రజని పెరిగితే పైపులో పారేది పెరుగుతుంది. అయితే కొంతకాలం దాకా అడవి దాన్ని తట్టుకుంటుంది. మామూలుగా అడవి నత్రజనికి మొహం వాచి ఉంటుంది. పడిన ప్రతి చుక్కనూ చెట్లు, శిలీంధ్రాలు, రాలిన ఆకులు పట్టేసుకుంటాయి. చెట్లు కాస్త ఏపుగా పెరుగుతాయి కూడా. చూసేవాళ్లకు కాలుష్యం వల్ల అడవికి మేలే జరిగిందనిపిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఆకలి తీరిపోతుంది. అప్పటి నుంచి పడ్డది పడ్డట్టు నైట్రేట్‌గా మారి, కొంత వేళ్లు దాటి కిందికి కారిపోతుంది, కొంత వాయువై పైకి లేస్తుంది. శాస్త్రవేత్తలు దీన్ని నత్రజని సంతృప్త దశ అంటారు. తియెషాన్‌పింగ్ ఆ దశకు చేరిన అడవి.

జర్మనీలో ఆగ్స్‌బర్గ్, మ్యూనిక్ నగరాల మధ్య హోగల్‌వాల్డ్ అనే అడవి కూడా అలాంటిదే. చుట్టూ పాడి పశువుల ప్రాంతం. 1990ల మొదటి నుంచి గార్మిష్ పార్టెన్‌కిర్షెన్‌లోని పరిశోధకులు అక్కడ స్ప్రూస్ అనే సూది ఆకుల చెట్ల కింద పెట్టెలు అమర్చి ఏళ్ల తరబడి కొలుస్తూ వచ్చారు. కొలిచే పద్ధతి చూడటానికి చాలా సాదాసీదాగా ఉంటుంది. అడుగు లేని ఒక చట్రాన్ని నేలలోకి కొద్ది సెంటీమీటర్లు దిగేలా నొక్కుతారు. దాని మీద మూత బిగిస్తారు. లోపలి గాలిని కొద్ది నిమిషాలకోసారి సిరంజితో లాగి చిన్న సీసాల్లోకి ఎక్కిస్తారు. ప్రయోగశాలలో ఆ సీసాల్లోని వాయువు ఎంత వేగంగా పెరిగిందో చూసి, నేల ఎంత వదిలిందో లెక్క తీస్తారు. హోగల్‌వాల్డ్‌లో మూతలు వాటంతటవే మూసుకుని తెరుచుకునే ఏర్పాటు చేశారు. అందువల్ల రాత్రీ పగలూ, మంచులోనూ ఎండలోనూ కొలతలు దొరికాయి.

అలా నిరంతరం కొలవబట్టే ఒక సంగతి బయటపడింది. 1995-96 చలికాలంలో గడ్డకట్టిన నేల కరిగే రోజుల్లో నైట్రస్ ఆక్సైడ్ ఒక్కసారిగా ఎగసింది. ఏడాది మొత్తంలో విడుదలైన దానిలో ఎక్కువ భాగం ఆ కొద్ది వారాల్లోనే వచ్చింది. నెలకోసారి వెళ్లి కొలిచి వచ్చేవాళ్లయితే దాన్ని పూర్తిగా చూడకుండా పోయేవారు. నేల నుంచి వచ్చే వాయువుల లెక్కల్లో ఇంత తేడా ఎందుకుంటుందో అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క సంగతి చాలు.

ఆ స్ప్రూస్ నేల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ రూపంలో ఏటా హెక్టారుకు 6 కిలోలకు పైగా నత్రజని లేస్తున్నట్టు తేలింది. ఒక అడవి నేలకు అది చాలా పెద్ద అంకె. ఇది ఆ ఒక్కచోటే జరిగిన విడ్డూరమేమో అన్న అనుమానం రావచ్చు. యూరప్‌లో 15 అడవుల్లో ఒకే పద్ధతిలో కొలిచిన ఫలితాలు 2006లో వచ్చాయి. సూదిలాంటి ఆకులుండే చెట్ల అడవుల్లో పైనుంచి పడే నత్రజని ఎంత ఎక్కువైతే నేల వదిలే నైట్రిక్ ఆక్సైడ్ అంత ఎక్కువగా ఉంది. ఆకురాల్చే అడవుల్లో మాత్రం సంబంధం ఇంత సూటిగా లేదు. నైట్రస్ ఆక్సైడ్‌ను మాత్రం నేలలో కర్బనానికి, నత్రజనికి ఉన్న నిష్పత్తే ఎక్కువగా నిర్ణయించింది. అంటే ఒకే గాలి, ఒకే వాన పడినా, కింద ఉన్న ఆకులు మారితే పైకి వచ్చే వాయువు మారుతుంది.

ఇక రెండో దెబ్బ, చిల్లుల సంగతి. ఇక్కడే ఆమ్లం పాత్ర మొదలవుతుంది.

వినత్రీకరణంలో చివరి మెట్టు నైట్రస్ ఆక్సైడ్‌ను హాని లేని నత్రజనిగా మార్చడం. ఆ పని చేసే ఎంజైమ్ ఒక్కటే. దాని గుండెల్లో రాగి పరమాణువులుంటాయి. ఆమ్లం అంటే దానికి అస్సలు పడదు. నార్వేలో లార్స్ బాకెన్ బృందం ఒక బ్యాక్టీరియా మీద చేసిన ప్రయోగాల్లో చూసింది ఏమిటంటే, పరిసరాలు ఆమ్లంగా మారినా ఆ ఎంజైమ్‌కు కావాల్సిన జన్యువు పనిచేస్తూనే ఉంది, కానీ తయారైన ఎంజైమ్ సరిగ్గా కూడుకోలేదు. వంటకు సరుకులన్నీ ఉన్నాయి, పొయ్యి మాత్రం అంటుకోవడం లేదన్నట్టు. ఫలితంగా వరస నైట్రస్ ఆక్సైడ్ దగ్గరే ఆగిపోతుంది. తియెషాన్‌పింగ్ నేల ఉదజని సూచిక, అంటే పీహెచ్, 4 దరిదాపుల్లో ఉంది. ఆ సూచిక 7 కన్నా ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువ. దశాబ్దాల పాటు బొగ్గు పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ ఆమ్ల వర్షమై పడిన ప్రాంతం అది. అక్కడ పడిన నత్రజనిలో దాదాపు పదో వంతు నైట్రస్ ఆక్సైడ్‌గా లేవడానికి కారణం నత్రజని ఎక్కువ పడటం ఒక్కటే కాదు, దాన్ని చివరి మెట్టు దాకా దించే శక్తి నేలకు లేకపోవడం కూడా.

అమ్మోనియా విషయంలో మరో మెలిక ఉంది. అమ్మోనియా క్షారం. గాలిలో ఉన్నంతసేపు అది ఆమ్లాలను చల్లారుస్తుంది, అమ్మోనియా ఉన్న వాన పీహెచ్ కాస్త మెరుగ్గా కనిపిస్తుంది. నేలలో పడ్డాక కథ తిరగబడుతుంది. సూక్ష్మజీవులు ఒక్కో అమ్మోనియం అణువును నైట్రేట్‌గా మార్చేటప్పుడు రెండేసి హైడ్రోజన్ అయాన్లు బయటపడతాయి, నేల ఆమ్లమవుతుంది. అందుకే వాన పీహెచ్ ఒక్కటే చూసి ఫర్వాలేదని ధీమాగా ఉండటం పొరపాటు. గాలిలో మందులా పనిచేసింది నేలలోకి దిగాక ఆమ్లంగా తేలుతుంది.

నైట్రిక్ ఆక్సైడ్ కథ ఇంకో రకం. అది నైట్రస్ ఆక్సైడ్‌లా వందేళ్లకు పైగా గాలిలో ఉండేది కాదు, గంటల్లోనే మారిపోతుంది. కానీ ఎండలో ఇతర వాయువులతో కలిసి నేలకు దగ్గరగా ఓజోన్‌ను పుట్టిస్తుంది. పైన ఇరవై, ముప్పై కిలోమీటర్ల ఎత్తులో మనల్ని కాపాడే ఓజోనే కింద పంటల ఆకులను, ఊపిరితిత్తులను కాల్చే విషం. అంటే పొగగొట్టం నుంచి బయలుదేరిన నత్రజని నేలలో పడి, మళ్లీ అదే రకం కాలుష్యంగా లేచి, కొంతదూరం పోయి మళ్లీ పడుతుంది. ఉత్తర చైనా మైదానంలో వాహనాలు, ఫ్యాక్టరీల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లను గట్టిగా తగ్గించినా వేసవి ఓజోన్ ఆశించినంత తగ్గకపోవడానికి పొలాల నేల నుంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ కూడా ఒక కారణమని 2021లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. నగరం పొగ తగ్గేకొద్దీ నేల వాటా పైకి తేలుతుంది.

ఓజోన్ తిరిగి నేల మీద చూపే ప్రభావం అంత సూటిగా ఉండదు. ఓజోన్ తగిలిన మొక్క సరిగా ఎదగదు. వేళ్ల ద్వారా నేలకు చేరే చక్కెరలు తగ్గి సూక్ష్మజీవుల ఆహారం తగ్గుతుంది, దాంతో వాయువులూ తగ్గవచ్చు. అదే మొక్క నత్రజనిని తక్కువగా లాగుతుంది కాబట్టి నేలలో నైట్రేట్ మిగిలిపోయి వాయువులు పెరగనూవచ్చు. ఏది గెలుస్తుందన్నది పంటను, నేలను బట్టి మారుతుంది.

వీటన్నిటి మీదా వాన పెత్తనం ఉంటుంది. ఎండాకాలం పొడుగునా నేల మీద, ఆకుల మీద పొడి దుమ్ముగా పడిన నత్రజని వాడకం లేకుండా పోగుపడుతుంది. ఎండిన నేలలో సూక్ష్మజీవులు నిద్రలో ఉంటాయి. మృగశిర కార్తెలో తొలకరి పడగానే అవి లేచి, పోగుపడిన దాని మీద పడతాయి. నేల నుంచి వాయువులు గుప్పున లేస్తాయి. తడిసిన నేలలో వచ్చే ఈ హఠాత్తు చలనాన్ని 1950లలో కెన్యాలో పనిచేసిన బర్చ్ అనే శాస్త్రవేత్త వివరంగా రాశాడు, అందుకే దానికి ఆయన పేరే స్థిరపడింది. కాలిఫోర్నియా ఎడారి నేలల మీద నీళ్లు పోసి చూసినప్పుడు నైట్రస్ ఆక్సైడ్ నిమిషాల్లోనే లేచింది. ఎడారి నేలలో అంత త్వరగా ఆక్సిజన్ తరిగిపోతుందని అంతకుముందు ఎక్కువమంది అనుకోలేదు. ఆరు నెలలు పొడి, తర్వాత ఒక్కసారిగా వాన ఉండే మన వాతావరణానికి ఈ ఫలితాలు దగ్గరగా ఉంటాయి.

పొలానికీ అడవికీ ఇక్కడ తేడా చూసుకోవాలి. ఎకరా వరికి సిఫార్సు చేసే నత్రజని తెలంగాణలో వానాకాలానికి 48 కిలోల దాకా ఉంటుంది, బస్తాల్లో చూస్తే రెండుంపావు. దాని ముందు గాలి నుంచి పడేది చిన్నదే. పైగా ఎప్పుడూ నీరు నిలిచి ఉన్న వరి మడిలో నైట్రస్ ఆక్సైడ్ తక్కువే వస్తుంది, ఎందుకంటే ఆక్సిజన్ బొత్తిగా లేని చోట వినత్రీకరణం చివరి మెట్టు దాకా సాగుతుంది. నీరు పెట్టడం, ఆరబెట్టడం మార్చి మార్చి చేసినప్పుడు అది పెరుగుతుంది. కాబట్టి పొలం లెక్కలో ప్రధాన పాత్ర బస్తాదే. గాలి నుంచి పడేదానికి అసలు బాధితులు ఎరువు ఎరగని అడవులు, బీళ్లు, చిత్తడి నేలలు. ఎందుకంటే అక్కడ హెక్టారుకు 10 కిలోలు కూడా సూక్ష్మజీవుల తీరును మార్చేస్తాయి.

ఆ 10 కిలోల్లో కొంత పొలం నుంచే బయలుదేరిందన్నది మరవకూడదు. దేశంలో ఏటా 350 లక్షల టన్నులకు పైగా యూరియా వాడుతున్నాం. వేసిన యూరియా నత్రజనిలో సగటున 15 శాతం అమ్మోనియా, నైట్రోజన్ ఆక్సైడ్ల రూపంలో గాలిలో కలుస్తుందని వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం, ఐపీసీసీ, 2019లో సవరించిన లెక్కల్లో పేర్కొంది. బస్తాకు 3 కిలోల నత్రజని. మండే ఎండలో, తడి నేల పైపైన చల్లితే ఇంకా ఎక్కువ. యూరియా కోసం రైతులు సొసైటీల ముందు చెప్పులు, పాసు పుస్తకాలు వరసలో పెట్టి తెల్లవారుజాము నుంచి నిలబడిన రోజులు మన రెండు రాష్ట్రాలూ చూశాయి. అంత కష్టపడి తెచ్చిన బస్తాలో కొంత పైరుకు అందకుండానే గాలిలో కలిసిపోవడం బాధ కలిగించే విషయం. ఉపగ్రహాల నుంచి చూస్తే గంగా సింధు మైదానం ప్రపంచంలోకెల్లా అమ్మోనియా దట్టంగా కనిపించే ప్రాంతాల్లో ఒకటి. గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల పక్క రోడ్డు మీద పోయేవాళ్లకు మాత్రం ఉపగ్రహం అక్కర్లేదు, కళ్లు మండగానే తెలిసిపోతుంది.

2015 నుంచి దేశంలో రైతులకు ఇచ్చే యూరియా దాదాపు అంతా వేపనూనె పూతతోనే వస్తోంది. వేప నత్రీకరణాన్ని నెమ్మదింపజేస్తుంది కాబట్టి నైట్రస్ ఆక్సైడ్‌ను తగ్గించే దారిలో అది మంచి అడుగే. కానీ అమ్మోనియాను అది ఆపదు. నత్రజని ఎక్కువ కాలం అమ్మోనియం రూపంలోనే ఉండటం వల్ల కొన్ని పరిస్థితుల్లో అమ్మోనియా నష్టం పెరిగే వీలు కూడా ఉంది. మడిలో నీరు తీసేసి, బురద పదునులో చల్లి, తర్వాత నీరు పెట్టమని వ్యవసాయ అధికారులు చెప్పే మాటకు, యూరియాను తడి మట్టితో గానీ వేపపిండితో గానీ కలిపి రెండు రోజులు ఉంచి వాడమనే పాత సలహాకు ఇక్కడే విలువ. ఆ పని శ్రమతో కూడినది, కూలి ఖర్చు పెరుగుతుంది. బస్తా 266 రూపాయల 50 పైసలకే దొరుకుతున్నప్పుడు, ఇంకో బస్తా చల్లడమే రైతుకు తేలిక. తప్పు రైతుది అనడం సరికాదు. ధరలే ఆ దారి చూపిస్తున్నాయి.

మన దగ్గర వాన గురించి ఒక ముఖ్యమైన సమాచారం ఉంది. భారత వాతావరణ శాఖ దేశంలో పది చోట్ల వాన నీటి రసాయన గుణాలను ఏళ్ల తరబడి కొలుస్తోంది, వాటిలో విశాఖపట్నం ఒకటి. 1987 నుంచి 2021 దాకా ఉన్న కొలతలను విశ్లేషించినప్పుడు విశాఖ, ప్రయాగ్‌రాజ్, అస్సాంలోని మోహన్‌బారి వానలు ఆమ్లం వైపు జరుగుతున్నట్టు తేలింది. విశాఖలో చమురు శుద్ధి, ఎరువుల ఫ్యాక్టరీ, ఓడల పరిశ్రమ వంటివాటి పాత్ర ఉందని పరిశోధకులు చెప్పారు. ఉత్తర భారతంలో చాలాచోట్ల థార్ ఎడారి దుమ్ములోని సున్నం వానలోని ఆమ్లాన్ని చల్లారుస్తుంది. విశాఖకు ఆ దుమ్ము అంతగా చేరదు. ఆ వాన పడేది నగరం రోడ్ల మీద మాత్రమే కాదు, నగరాన్ని ఆనుకుని ఉన్న కంబాలకొండ అడవి మీద, తూర్పు కనుమల ఎర్రనేలల మీద కూడా. నల్లరేగడిలో సున్నం పాలు ఎక్కువ, ఎంత ఆమ్లం పడినా చాలాకాలం తట్టుకుంటుంది. ఎర్రనేలకు ఆ కాపు లేదు. చైనా, జర్మనీ అడవుల అనుభవాన్ని పక్కన పెట్టుకుని చూస్తే, వాన పీహెచ్‌తో పాటు అడవి నేల పీహెచ్‌నూ, దాని మీద పడే నత్రజనినీ ఒకేచోట ఏళ్ల తరబడి కొలవడం అత్యవసరమనిపిస్తుంది.

దేశాలు తమ ఉద్గారాల లెక్క ఐక్యరాజ్యసమితికి ఇచ్చేటప్పుడు గాలి నుంచి పడిన నత్రజనికి వాడే సూత్రం చాలా సరళమైనది. గాలిలో కలిసిన ప్రతి 100 కిలోల నత్రజని ఎక్కడో ఒకచోట పడి, అందులో 1 కిలో నైట్రస్ ఆక్సైడ్ రూపంలో లేస్తుందని. 2019 సవరణలో తడి ప్రాంతాలకు 1.4, పొడి ప్రాంతాలకు 0.5 అని విడదీశారు. తియెషాన్‌పింగ్‌లో చూసిన పదో వంతు ఎక్కడ, ఈ వందో వంతు ఎక్కడ? సగటు అంటే ఎక్కువ తక్కువలన్నీ కలిసిందే కాబట్టి సూత్రం తప్పని చెప్పలేం. కానీ నేల సంతృప్తమైందా లేదా, ఆమ్లంగా మారిందా లేదా అన్న ప్రశ్నకు ఆ సూత్రంలో చోటు లేదు. చైనా తర్వాత ప్రపంచంలో ఎక్కువ నైట్రస్ ఆక్సైడ్ వదిలే దేశం మనదే. మన లెక్క మన నేలల మీద కొలిచినదై ఉండాలని కోరడంలో అత్యాశ ఏమీ లేదు.

నైట్రస్ ఆక్సైడ్‌ను గాలి నాణ్యత బోర్డుల మీద ఎవరూ చూసి ఉండరు. 2009 జాతీయ ప్రమాణాల్లో ఉన్న 12 కాలుష్యాల్లో నైట్రోజన్ డయాక్సైడ్ ఉంది, అమ్మోనియా ఉంది, ఓజోన్ ఉంది, ఇది లేదు. పీల్చితే హాని చేసేంత మోతాదులో అది బయట ఉండదు కాబట్టి అందులో చేర్చలేదు. దాని నష్టం వేరే చోట. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో శతకోటి భాగాలకు 270 ఉండేది, ఇప్పుడు 335 దాటింది. మైసూరు విశ్వవిద్యాలయంలో చదువుకుని అమెరికాలో పనిచేస్తున్న ఎ.ఆర్. రవిశంకర, సహ శాస్త్రవేత్తలతో కలిసి 2009లో చూపించినదేమిటంటే, ఒకప్పుడు ఫ్రిజ్‌లు, ఏసీల్లో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లను కట్టడి చేశాక పై ఓజోన్ పొరను దెబ్బతీసే ఉద్గారాల్లో నైట్రస్ ఆక్సైడే మొదటి స్థానానికి వచ్చింది. కింద ఓజోన్‌ను పెంచేది నైట్రిక్ ఆక్సైడ్, పైన ఓజోన్‌ను తరిగేది నైట్రస్ ఆక్సైడ్, రెండూ లేచేది అదే నేల నుంచి.

సల్ఫర్ డయాక్సైడ్‌ను యూరప్, ఆ తర్వాత చైనా బాగా తగ్గించగలిగాయి. పొగగొట్టాలు కొన్నే ఉంటాయి, వాటికి యంత్రాలు బిగించవచ్చు. అమ్మోనియా అలా కాదు, లక్షల పొలాలు, కొట్టాలు, పెంటకుప్పల నుంచి కొద్దికొద్దిగా లేస్తుంది. అందుకే దాన్ని తగ్గించడంలో చాలా దేశాలు అంత ముందుకు పోలేదు. పైగా గాలిలో సల్ఫర్ తగ్గితే దానితో కలిసి దూరం పోయే అమ్మోనియా, వాయువుగానే ఉండిపోయి పుట్టినచోటికి దగ్గర్లోనే ఎక్కువగా పడుతుంది. ఒక కాలుష్యాన్ని విడిగా తగ్గించి చేతులు దులుపుకోవడం కుదరదని దీనివల్లే తెలుస్తోంది. 2019 మార్చిలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభలో నత్రజని యాజమాన్యం మీద తీర్మానాన్ని ముందుండి నడిపింది భారతే. అదే ఏడాది అక్టోబరులో కొలంబోలో, 2030 నాటికి నత్రజని వృథాను సగానికి తగ్గించాలన్న ప్రకటన వెలువడింది.

గాలి శుభ్రపడితే నేల ఎంత కాలానికి కోలుకుంటుంది? జర్మనీలోని జోలింగ్ కొండల్లో గాటింగెన్ శాస్త్రవేత్తలు 1991లో ఒక పని చేశారు. స్ప్రూస్ చెట్ల కొమ్మల కింద, మనిషి తలకన్నా ఎత్తులో, 300 చదరపు మీటర్ల మేర పారదర్శకమైన పైకప్పు వేశారు. చెట్ల మీదుగా కారే వాన నీటిని ఆ కప్పు మీద పట్టి, ఆమ్లాన్నీ నత్రజనినీ తొలగించి, శుభ్రమైన నీటిని మళ్లీ అదే నేల మీద చిలకరించారు. పరిశ్రమలు రాకముందు పడిన వాన ఎలా ఉండేదో దాదాపు అలాంటి వాన. కొద్ది ఏళ్లలోనే వేళ్ల కిందికి కారిపోయే నైట్రేట్ బాగా తగ్గింది. పైపులోకి వదిలే నీరు తగ్గిస్తే కారేది తగ్గినట్టే. కానీ నేలలో దశాబ్దాల నుంచి నిల్వ ఉన్న సల్ఫేట్, అల్యూమినియం మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. శుభ్రమైన వాన పడుతున్నా పాత ఆమ్లం కొద్దికొద్దిగా ఊరుతూనే ఉంది.